ఇవ్వడం గురించి సంఘంలో తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో కాలువ గట్టును ఆనుకుని ఉన్న ఒక చిన్న క్రైస్తవ సంఘంలో నేను 13 ఏళ్లుగా కానుకల లెక్క రాస్తున్నాను. పాస్టర్‌ని కాదు, వేదాంత కళాశాలలో చదువుకోలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ, గొంతు తగ్గించి నన్ను అడిగిన ప్రశ్నలే ఇవి. డబ్బు సంగతి పాస్టర్ గారిని అడగడానికి మొహమాటపడేవాళ్లు లెక్కలు రాసేవాడిని అడుగుతారు. కొన్నిటికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వెళ్లి వాక్యం చదువుకుని, పెద్దలతో మాట్లాడి, తర్వాతి వారం చెప్పినవి కూడా ఇందులో ఉన్నాయి.

దశమభాగం తప్పనిసరిగా ఇవ్వాలా?

ఎక్కువమంది అడిగేది ఇదే. ఎక్కువ టెన్షన్ పెట్టేదీ ఇదే.

దశమభాగం అంటే రాబడిలో పదోవంతు. పాత నిబంధనలో అది ధర్మశాస్త్రంలో భాగం. అయితే అదంతా మందిరానికే వెళ్లేది కాదు. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివర చూడండి. మూడేళ్లకోసారి ఆ పదోవంతును ఊళ్లోనే ఉంచి, లేవీయులు, పరదేశులు, తండ్రి లేని పిల్లలు, విధవరాండ్రు వచ్చి కడుపారా తినేలా చేయమని ఉంది. పదోవంతు అంతా మందిరపు నిధిలోకి తెమ్మనే మలాకీ 3:10 అన్ని సంఘాల్లోనూ వినిపిస్తుంది. ఈ మాటలు మాత్రం చాలా అరుదుగా వినిపిస్తాయి. రెండూ కలిపి చదవాలని నా కోరిక.

కొత్త నిబంధనలో సంఘాలకు రాసిన పత్రికల్లో పది శాతం అనే లెక్క ఎక్కడా పెట్టలేదు. ఎవరి హృదయంలో వాళ్లు నిశ్చయించుకున్న ప్రకారం ఇవ్వాలని, సణుగుకుంటూ గానీ బలవంతం మీద గానీ వద్దని అపొస్తలుడైన పౌలు చెప్పాడు. "దేవుడు ఉత్సాహముగా ఇచ్చువానిని ప్రేమించును" (2 కొరింథీ 9:7). యేసు ప్రభువు పరిసయ్యులతో మాట్లాడుతూ, పుదీనాలోనూ సోపులోనూ జీలకర్రలోనూ పదోవంతు లెక్కగట్టి న్యాయాన్ని, కనికరాన్ని, విశ్వాసాన్ని వదిలేశారని గద్దించాడు. దశమభాగం మానేయమని ఆయన అనలేదు. అది ఇచ్చేశాం కదా, ఇక మన పని అయిపోయిందని ఊరుకున్నందుకు కోప్పడ్డాడు.

నా మటుకు నేను పదోవంతును మొదటి మెట్టుగా పెట్టుకున్నాను. నెలకు 60 వేలు వచ్చే ఇంట్లో పదోవంతు తీస్తే 54 వేలు మిగులుతాయి. కూలి మీద నెలకు 8 వేలు వచ్చే ఇంట్లో 800 తీస్తే ముసలమ్మ బీపీ మందులు ఆగిపోవచ్చు. మొదటి ఇల్లు పదోవంతు దగ్గరే ఆగిపోనక్కర్లేదు. రెండో ఇంటి మీద దాన్ని బరువుగా మోపే హక్కు ఎవరికీ లేదు, సంఘానికి కూడా.

కౌలు రైతు, చెరువు రైతు పదోవంతు ఎలా లెక్కించుకోవాలి?

ఉద్యోగికి నెల తిరిగేసరికి జీతం కనబడుతుంది. కౌలు రైతు మాత్రం ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఒప్పుకుని చేను పడతాడు. సార్వా (ఖరీఫ్) అయినా దాళ్వా (రబీ) అయినా కౌలు, ఎరువులు, కోత మిషను బాడుగ, అప్పు మీద వడ్డీ పోగా ఏం మిగిలిందో అదే అతని రాబడి. దాని మీదే లెక్క చూసుకోమని చెబుతాను. కళ్లంలో రాశి చూసి లెక్క వేయకండి.

రొయ్యల చెరువు వాళ్లకి ఇంకా చిక్కు. ఒక పంటలో చేతినిండా డబ్బు వస్తుంది, తర్వాతి పంటకి వైట్ స్పాట్ తెగులు తగిలి చెరువు మొత్తం పోతుంది. మంచి పంట వచ్చినప్పుడే కానుక వేరుగా తీసి ఉంచుకుని, అందులోంచి నెలనెలా ఇవ్వడం నయం. పౌలు కొరింథు సంఘానికి చెప్పింది కూడా దాదాపు ఇదే: వారానికి మొదటి రోజున, ఎవరు వర్ధిల్లిన కొద్దీ వాళ్లు తమ దగ్గర తీసి నిల్వ చేసుకోవాలి (1 కొరింథీ 16:2). అప్పుడు చెరువు పోయిన నెలలో కూడా కానుక సంచి ముందుకొచ్చినప్పుడు తల దించుకోవాల్సిన పని ఉండదు.

గుప్పెడు బియ్యం అంటే ఏమిటి? ఈ రోజుల్లో దాని అవసరం ఉందా?

మా అమ్మ ఎసరు పెట్టాక బియ్యం కొలిచి, కడగబోయే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేసేది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. బియ్యం నిండుకున్న రోజున గుప్పెడు చిన్నదయ్యేది గానీ మానేది కాదు. నాకు ఆరేడేళ్లప్పుడు ఒకసారి అడిగాను, "మనకే చాలట్లేదు కదమ్మా, ఎందుకు తీస్తావు?" అని. అమ్మ నవ్వి, "ఇది తీశాకే మనది ఎంతో తెలుస్తుందిరా" అంది. అప్పుడు అర్థం కాలేదు.

ఆదివారం ఆ కుండను సంచిలోకి ఒంపి మందిరానికి తీసుకెళ్లేది. స్త్రీల సమాజం వాళ్లు అన్ని ఇళ్ల బియ్యం కలిపి కొలిచి, కొంత పాస్టర్ గారింటికి, కొంత ఆ వారం పొయ్యి వెలగని ఇంటికి పంపేవారు. లెక్క వేసి చూడండి. గుప్పెడు 50 గ్రాములనుకున్నా, రోజుకు రెండుసార్లు తీస్తే ఒక్క ఇంటి నుంచి నెలకు 3 కిలోలు. మా సంఘంలో 40 ఇళ్లు. అంటే 120 కిలోలు. నలుగురున్న నాలుగైదు కుటుంబాలు నెలంతా తినొచ్చు. ఇదంతా ఎవరికీ భూమి లేని పేటలో జరిగింది.

మిజోరం క్రైస్తవుల్లో ఇదే పద్ధతి 1910లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. వాళ్ల భాషలో దాన్ని బుహ్‌ఫాయ్ థామ్ అంటారు. మన తెలుగు నేల మీద 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు కూడా, పేద గ్రామ సంఘాలు మిషనరీల వైపు చేయి చాపకుండా తమ కాళ్ల మీద నిలబడాలని, ఎంత బీదవాళ్లకైనా ఇచ్చే భాగ్యం ఉందని జీవితాంతం బోధించారు. ఆంగ్లికన్ సంఘాల్లో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే.

ఇక ఇప్పుడు అవసరమా అంటే, చాలా ఇళ్లలో కుండ పోయింది. కొందరు కుక్కర్ పక్కన డబ్బా పెట్టి అన్నం వండినప్పుడల్లా పది రూపాయల కాయిన్ వేస్తున్నారు. సంతోషమే. ఒక్కటి మాత్రం మారకూడదు. వండకముందే తీయాలి. తిన్నాక మిగిలినది పెట్టడం మంచిదే, కానీ గుప్పెడు బియ్యం అది కాదు.

అప్పుల్లో ఉన్నాను. కానుక ఇవ్వకపోతే పాపమా?

కాదు. ముందు డ్వాక్రా వాయిదా కట్టండి. మీరు కట్టకపోతే మీ గ్రూపులో మిగతా అక్కచెల్లెళ్ల మీద పడుతుంది. వాళ్ల డబ్బుతో మీరు కానుక ఇచ్చినట్టవుతుంది. ప్రేమించే విషయంలో తప్ప ఎవరికీ ఏమీ బాకీ ఉండవద్దని రోమా 13:8లో ఉంది. వడ్డీకి తెచ్చి మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి. మనసు ఊరుకోకపోతే ఐదు రూపాయలు వేయండి. బీద విధవరాలు కానుక పెట్టెలో వేసిన రెండు కాసుల్ని ప్రభువు చూశాడు కదా.

ఇస్తే దేవుడు రెట్టింపుగా తిరిగి ఇస్తాడా?

దేవుడు తన పిల్లల్ని పోషిస్తాడని నేను నమ్ముతాను. నా జీవితంలో చూశాను కూడా. కానీ "వెయ్యి వేయండి, పదివేలు వస్తుంది" అని వేదిక మీద నుంచి చెప్పడం వాక్యం కాదు. అది చిట్టీ వ్యాపారం మాట.

మాకు తెలిసిన ఒక చెల్లి, కూతురి పెళ్లి కోసం దాచుకున్న జత గాజుల్ని ఇలాంటి ఒక పెద్ద కూటంలో తీసి ఇచ్చేసింది. ఏడాదిలో సొంతిల్లు వస్తుందని ఆ ప్రసంగీకుడు చెప్పాడు. ఇల్లు రాలేదు. ఆమె విశ్వాసం తక్కువైందని తర్వాత అన్నారు. ఆ మాట ఆమెను గాజులు పోయినదానికన్నా ఎక్కువ కుంగదీసింది. రెండేళ్లు మందిరం గుమ్మం తొక్కలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది, ఏడుపూ వస్తుంది.

మాసిదోనియ సంఘాలు నిరుపేదలుగా ఉండి కూడా ఉదారంగా ఇచ్చాయని పౌలు సాక్ష్యం చెప్పాడు. వాళ్లు తర్వాత ధనవంతులయ్యారని ఎక్కడా రాయలేదు. మనం ఇవ్వడానికి కారణం ముందే జరిగిపోయింది: ఆయన ధనవంతుడై ఉండి మన కోసం దరిద్రుడయ్యాడు (2 కొరింథీ 8:9). అందుకు బదులుగా ఇస్తున్నాం. మళ్లీ ఇంకేదో రాబట్టుకోవడానికి కాదు.

కూలీలకు తక్కువిచ్చి మందిరానికి ఎక్కువ ఇస్తే?

దేవుడు దాన్ని తీసుకోడు. కూలివాడి కూలి తెల్లవారేదాకా దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19:13 చెబుతుంది. బిగబట్టిన కూలి మొరపెడుతోందని యాకోబు రాశాడు. కొబ్బరి దింపు చేసినవాడికి, కలుపు తీసిన అమ్మకి, ఇంట్లో అంట్లు తోమే మనిషికి పూర్తిగా, వేళకు ఇచ్చేయండి. ఆ తర్వాతే కానుక కవరు.

పొలం ఉన్నవాళ్లు డబ్బు రూపంలో కాకుండా ఇంకెలా ఇవ్వవచ్చు?

పరిగె వదలండి. పరిగె అంటే కోత అయ్యాక చేలో రాలి మిగిలిన వెన్నులు. ఈ మాట మన బైబిల్లోనూ ఉంది, మన చేలల్లోనూ ఉంది. చేను కోసేటప్పుడు ఓరలు, అంటే అంచులు, పూర్తిగా కోయవద్దని, పరిగె ఏరుకోవద్దని, అది బీదలకు, పరదేశులకు విడిచిపెట్టమని దేవుడు ఇశ్రాయేలీయులకు చెప్పాడు. మోయాబు నుంచి వచ్చిన రూతు అత్తగారిని పోషించుకున్నది ఆ పరిగెతోనే. ఆ చేను యజమాని బోయజు తన పనివాళ్లతో, ఆమె కోసం పనల్లోంచి కావాలనే కొన్ని పడేయమని, ఆమెను గద్దించవద్దని చెప్పాడు. ఆమె చేయి చాపలేదు, తన చేతులతో ఏరుకుంది. సాయం చేసేటప్పుడు ఎదుటి మనిషి పరువు ఎలా కాపాడాలో ఇంతకన్నా బాగా చెప్పిన కథ నాకు తెలియదు.

ఇప్పుడు కోత మిషన్లు వచ్చాక పరిగె బాగా తగ్గిపోయింది. అందుకని మా సంఘంలో ఇద్దరు రైతులు ఒక పద్ధతి పెట్టుకున్నారు. మిషను తిరగని మూలలు, గట్టు వెంబడి బారెడు చేను కోయించకుండా వదిలేస్తారు. కోసుకునే ఆడవాళ్లకు ముందురోజే కబురు పెడతారు. ఇంకొకాయన కొబ్బరి తోటలో రాలిన కాయలు, మట్టలు ఎవరైనా తీసుకోవచ్చని చెప్పేశాడు. కొబ్బరి చెట్టున్న వాళ్లకి మట్ట విలువ తెలియదు గానీ, పొయ్యి మీద వండుకునే ఇంటికి అది వారం రోజుల వంటచెరకు.

సంఘానికి ఇచ్చాక బీదలకు మళ్లీ వేరుగా ఇవ్వాలా?

ఇవ్వాలనే అంటాను. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాలో పల్లెపల్లెకూ కాలువ నీళ్లు వచ్చాయి. అయినా కాలువ ఎగువన ఉన్నవాళ్లు తమ చేను నిండాక కూడా తూము మూయకపోతే శివారు చేలు బీటలు తీస్తాయి. ఇది చూడని రైతు మన దగ్గర లేడు. దాళ్వాలో నీళ్లు తక్కువైతే వంతులు పెట్టేది అందుకే. మందిరం కాలువ మీద నీళ్లు ఆపి వదిలే లాకు లాంటిది. నీళ్లు అక్కడికి చేరాలి, అక్కడి నుంచి కిందికి వెళ్లాలి. మందిరానికి టైల్స్, సౌండ్ సిస్టమ్, ఏసీ అన్నీ అమరి, అదే వీధిలో డయాలసిస్‌కి వెళ్లే మనిషికి ఆటో డబ్బుల్లేకపోతే మన లాకు ఎక్కడో బిగుసుకుపోయినట్టే.

మీ సంఘం బీదలకు ఎంత ఖర్చు పెడుతోందో అడగండి. తక్కువైతే పెంచమని పెద్దలతో మాట్లాడండి. అది పెరిగేదాకా ఆగకండి, మీ పక్కింటి సంగతి మీరే చూడండి.

పాస్టర్ గారికి ఇవ్వడం కానుకేనా, జీతమా?

ఈ ప్రశ్నకు మన డెల్టాలో చాలా పాత చరిత్ర ఉంది. 1836లో ఇంగ్లండు నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు తమ కుటుంబాలతో వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సేవ మొదలుపెట్టారు. గోదావరి డెల్టా మిషన్ అలా పుట్టింది. నెల జీతం పంపే సొసైటీ వాళ్ల వెనుక లేదు. విశ్వాసులు ప్రేమతో ఇచ్చిన దానితోనే బతకాలనే పద్ధతి ఆ సంఘాల్లో ఇప్పటికీ ఉంది. రాజమండ్రి వైపు లూథరన్ మిషన్‌లో వేరే ఏర్పాటు. అక్కడ సంస్థ నుంచి జీతాలు వచ్చేవి. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడి, బాధ్యత మెల్లగా మన భుజాల మీదికి వచ్చింది.

ఏ పద్ధతైనా, వాక్యం నేర్చుకున్నవాడు నేర్పినవాడిని ఆదుకోవాలని గలతీ 6:6 చెబుతుంది. మీ పాస్టర్ గారి పిల్లల స్కూలు ఫీజు కట్టారో లేదో మీలో ఎంతమందికి తెలుసు? చాలా పల్లెల్లో పాస్టరమ్మ గారు చీర కొనుక్కుని ఎన్నేళ్లయిందో కూడా ఎవరూ అడగరు. ఒక్కరు మేడలు కట్టారని విని, పూరింట్లో ఉన్న పదిమందికి ఇవ్వడం మానేయడం అన్యాయం.

క్రైస్తవులు కానివారికి ఇవ్వవచ్చా? మతం మార్చడానికే అంటారేమో?

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసినప్పుడు నేను చిన్నవాణ్ణి. మా తాటాకు ఇంటి కప్పు మొదటి గంటలోనే పోయింది. వెనక వీధిలో డాబా ఇల్లున్న ఒక హిందూ కుటుంబం తలుపు తీసి, మా పేట నుంచి వెళ్లిన ముప్ఫై మందిని రెండు గదుల్లో సర్దారు. తెల్లారాక ఉన్న బియ్యమంతా వేసి గంజి కాచారు. మామూలు రోజుల్లో మా నాన్న ఆ ఇంటి గడప లోపలికి వెళ్లేవాడు కాదు. ఆ రాత్రి వాళ్లు మమ్మల్ని ఏమీ అడగలేదు.

దానికి చాలాముందే ఇక్కడి లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వైనతేయ గోదావరి దాటి వచ్చేవాళ్లకు, ఏ కులమని చూడకుండా, వేళకాని వేళలో కూడా అన్నం పెట్టారు. బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరే పెట్టారు. ఇవ్వడం మనమే కనిపెట్టినట్టు మాట్లాడితే ఈ నేల మీద పుట్టినవాళ్లుగా సిగ్గుపడాలి.

మంచి సమరయుని కథలో దెబ్బలు తిన్న మనిషి ఎవరి మతస్థుడో యేసు ప్రభువు చెప్పలేదు. సాయం చేసినవాడు మాత్రం యూదులు దూరం పెట్టిన సమరయుడు. కాబట్టి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు షరతు పెట్టకండి. బియ్యం సంచితో పాటు కరపత్రం పెట్టవద్దని మా సంఘంలో నిర్ణయించుకున్నాం. ఆకలితో ఉన్న మనిషి "వద్దు" అనలేడు, అలాంటప్పుడు అతని "సరే"కు విలువ లేదు. ఎందుకు చేస్తున్నారని వాళ్లే అడిగితే అప్పుడు ప్రభువు గురించి సంతోషంగా చెప్పండి.

వరదలప్పుడు ఎలా సాయం చేయాలి?

ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది. 2022 జూలైలో 25 లక్షలు దాటి లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మొదటి హెచ్చరిక రాగానే సామాన్లు సర్దడం మొదలుపెట్టండి. మూడోది వచ్చాక పడవ దొరకదు.

అందరూ పులిహోర పొట్లాలే తీసుకెళతారు. ఒకే రోజు మూడు బృందాలు తెస్తే సాయంత్రానికి పాడైపోతాయి, మర్నాడు ఎవరూ రారు. 2022లో మేమూ అదే తప్పు చేశాం. అక్కడి అమ్మలు అడిగింది వేరు: తాగే నీళ్లు, టార్పాలిన్, అగ్గిపెట్టెలు, టార్చిలైటు, దోమల చక్రాలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఆడపిల్లలకు ప్యాడ్లు, గట్టు మీద కట్టేసిన గేదెలకు ఎండుగడ్డి. గడ్డి అడిగినప్పుడు మాకు తట్టనే లేదనిపించి మనసు చివుక్కుమంది. పాలు అమ్ముకుని బతికే ఇంటికి గేదె పోతే సంవత్సరం పోయినట్టే.

ఇంకో తప్పు చెప్పాలి. మా కుర్రాళ్లు సంచి ఇస్తూ ఫోటోలు తీశారు. నేనే తీయమన్నాను, డబ్బిచ్చిన వాళ్లకి లెక్క చూపించాలని. మా అమ్మ వయసున్న ఒకామె ఒక చేత్తో సంచి అందుకుంటూ రెండో చేత్తో పైట చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కుడి చేయి చేసేది ఎడమ చేతికి తెలియకూడదన్న మాట చిన్నప్పటి నుంచి నాకు కంఠస్థం. ఆ రోజు పడవలో తిరిగి వస్తుంటే మొదటిసారి నా గుండెకు తగిలింది. అప్పటి నుంచి సామాన్ల ఫోటోలు, బిల్లుల ఫోటోలు తీస్తాం. మనుషులవి తీయం.

నీళ్లు తీశాక అందరూ మర్చిపోతారు. అసలు పని అప్పుడే ఉంటుంది: ఇళ్లలో మోకాలిలోతు బురద ఎత్తాలి, బావులు తోడి బ్లీచింగ్ వేయాలి, తడిసిపోయిన ఆధార్ కార్డులు, పాస్‌పుస్తకాలు మళ్లీ తెప్పించడానికి ఆఫీసు చుట్టూ తిరగాలి. చేతిలో డబ్బు లేని కుర్రాళ్లు ఇవ్వగలిగింది ఇదే, దీని విలువ తక్కువేమీ కాదు.

ఇచ్చిన డబ్బు తాగుడికి పోతుందని తెలిస్తే?

డబ్బు చేతికి ఇవ్వకండి. కిరాణా కొట్లో కట్టండి, మందుల షాపులో కట్టండి, పిల్లల ఫీజు బడిలోనే కట్టండి. తండ్రి తాగుతాడని పిల్లలకు పెట్టడం మాత్రం మానకండి.

చెల్లి కువైట్ నుంచి సంఘానికి డబ్బు పంపుతోంది. ఇబ్బంది ఉంటుందా?

మన వైపు నుంచి ఇళ్లలో పనికి గల్ఫ్ వెళ్లిన ఆడబిడ్డలు చాలామంది ఉన్నారు. వాళ్ల కానుకతో కప్పు పడిన మందిరాలు నేను చూశాను. భారత పాస్‌పోర్టు ఉన్న మనిషి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు సంఘానికి పంపితే మాత్రం, భారత సంతతి వాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి. హవాలా మాట ఎత్తకండి. రసీదు రాసి ఫోటో తీసి ఆమెకు పంపండి.

ఇంకొక మాట. ఆమె అక్కడ ఎలా ఉందో ముందు అడగండి. జీతం అందుతోందా, తిండి పెడుతున్నారా? మందిరం పని ఆగిపోయిందని ఫోన్ చేసి ఆమె మీద ఒత్తిడి పెట్టకండి. ఆమె పిల్లలు ఇక్కడ అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు. సంఘం వాళ్లను చూసుకుంటే ఆమెకు తిరిగి ఇచ్చినట్టు.

ఇంట్లో ఆయన ఒప్పుకోవట్లేదు. తెలియకుండా ఇవ్వవచ్చా?

వద్దు. తెలిసిన రోజున ఆయనకు మీ మీద నమ్మకం పోతుంది, ప్రభువు మీదా కోపం వస్తుంది. మీ సొంత సంపాదన ఉంటే, అందులోంచి ఇస్తున్నానని ఎదురుగా చెప్పండి. లేకపోతే గుప్పెడు బియ్యం ఉంది, పక్కింటి ముసలమ్మకు నీళ్లు మోసి పెట్టడం ఉంది. అమ్మానాన్నల్ని గాలికి వదిలేసి సంఘానికి ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. మీకిచ్చేదంతా దేవునికి అర్పించేశాం అని తల్లిదండ్రులకు చెప్పేవాళ్లను యేసు ప్రభువు మార్కు 7వ అధ్యాయంలో గట్టిగా మందలించాడు.

కోత పండుగ వేలంలో పోటీ పడి పాడటం తప్పా?

కొత్త పంట మందిరానికి తెచ్చి వేలం వేసే ఆ రోజు నాకు చాలా ఇష్టం. మొదటి గెల, గుమ్మడికాయలు, కోడిపుంజు, కొత్త బియ్యం బల్ల మీద పెట్టి పాట మొదలుపెడితే పిల్లల ఉత్సాహం చూడాలి. రెండు కొబ్బరికాయలు రెండు వేలకు పాడినా అది సంతోషంగా ఇచ్చిందైతే తప్పేముంది? ఒకరి మీద పంతానికి పాడి, డబ్బు కట్టకుండా ఏడాది తిప్పేవాళ్లతోనే ఇబ్బంది. మేం ఇప్పుడు ఏ వస్తువు ఎవరింటి నుంచి వచ్చిందో చెప్పడం మానేశాం. ఒక ఇంటి గెల వెయ్యికి, ఇంకో ఇంటి గెల వందకు పోతే ఆ రెండో ఇంటావిడ మొహం చిన్నబోవడం చూశాక తీసుకున్న నిర్ణయం అది.

లెక్కలు అడిగితే అవిశ్వాసం అంటున్నారు. అడగకూడదా?

అడగాలి. లెక్క రాసేవాడిగా నేనే చెబుతున్నాను. యెరూషలేము బీదల కోసం పోగైన పెద్ద మొత్తాన్ని పౌలు ఒక్కడే మోయలేదు. ఎవరూ తప్పు పట్టకుండా, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా సవ్యంగా ఉండేలా, సంఘాలు ఎంచుకున్న మనుషుల్ని వెంట పెట్టుకున్నాడు (2 కొరింథీ 8:20, 21). అపొస్తలుడికి అవసరమైన జాగ్రత్త మనకెందుకు అక్కర్లేదు?

మా దగ్గర ఇలా చేస్తాం. కానుకల పెట్టె తాళం ఒకరి దగ్గర, పెట్టె ఇంకొకరింట్లో ఉంటుంది. ఒకే ఇంటివాళ్లు కాని ఇద్దరు కలిసి లెక్కపెట్టి పుస్తకంలో సంతకం చేస్తారు. సోమవారం బ్యాంకులో వేస్తాం. నెలాఖరున రాబడి, ఖర్చు ఒక కాగితం మీద రాసి మందిరం తలుపుకి అంటిస్తాం. ఎవరెంత ఇచ్చారో పేర్లు మాత్రం అంటించం. మొదట్లో కొందరు నొచ్చుకున్నారు, "మమ్మల్ని అనుమానిస్తున్నారా" అని. రెండేళ్లయ్యేసరికి కానుకలు పెరిగాయి. నాకూ రాత్రిళ్లు హాయిగా నిద్ర పడుతోంది.

సాయం తీసుకోవడానికి సిగ్గుగా ఉంది. ఏం చేయను?

"పుచ్చుకొనుటకంటె ఇచ్చుట ధన్యము" అని చదివి, పుచ్చుకోవడం తక్కువతనమని అనుకునేవాళ్లు ఉన్నారు. యేసు ప్రభువు మార్త ఇంట్లో తిన్నాడు, సమరయ స్త్రీని నీళ్లు అడిగాడు, తన వెంట తిరిగిన స్త్రీలు తమ ఆస్తితో చేసిన ఉపచారం అందుకున్నాడు. ఆయన పుచ్చుకున్నాడంటే మీరూ పుచ్చుకోవచ్చు.

కోవిడ్ సమయంలో నా పని పోయి, మూడు నెలలు సంఘం బియ్యం మా ఇంటికి వచ్చాయి. పుస్తకంలో ఆ ఖర్చు నా చేత్తోనే రాశాను. నా పేరు రాయనక్కర్లేదని పెద్దలు అన్నారు. సంచి తెచ్చిన అక్క గుమ్మంలో నిలబడి ఇచ్చి వెళ్లిపోలేదు. లోపలికి వచ్చి, కూర్చుని, మా ఆవిడ ఇచ్చిన టీ తాగింది. ఆ టీ తాగడం వల్లే ఆ బియ్యం మాకు అరిగాయి.

పిల్లలకు ఎలా నేర్పాలి?

సండే స్కూల్ కానుక వేయడానికి గుమ్మంలో ఐదు రూపాయలు చేతిలో పెట్టి పంపితే అది మీ కానుకే, వాళ్లది కాదు. వాళ్లకంటూ కొంచెం డబ్బు ఇచ్చి, అందులోంచి ఎంత తీయాలో వాళ్లనే నిర్ణయించుకోనివ్వండి. ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమల కాలం నలభై రోజులు ఒక డబ్బా పెట్టి, చాక్లెట్ మానేసిన రోజున ఆ డబ్బు వేయమనండి. ఈస్టర్ తర్వాత ఆ డబ్బు ఎక్కడికి వెళ్లాలో వాళ్లే కూర్చుని మాట్లాడుకుంటారు. కిందటేడు మా పిల్లలు, వినికిడి మిషను బ్యాటరీలు కొనలేని ఒక తాతగారికి ఇద్దామన్నారు. ఆ తాతగారి సంగతి పెద్దవాళ్లలో ఎవరికీ తెలియదు.

పాత బట్టలు ఇవ్వవచ్చా?

ఇవ్వండి. ఉతికి, గుండీలు ఊడితే కుట్టి, మడత పెట్టి ఇవ్వండి. జేబులు చూసుకోండి. చిరిగినవి, మరకలు పోనివి ఇంట్లో మసిగుడ్డలకు వాడుకోండి. క్రిస్మస్‌కి మాత్రం పాతవి వద్దు. ఒక్క జతైనా కొత్తది కొని, కొలత కనుక్కుని, కుదిరితే రంగు కూడా ఆ బిడ్డనే అడిగి తీసుకెళ్లండి.